తోమిన పావలా

తోమకూడని దాన్ని తోమాను. నా తెలివితక్కువతనం ఒక్క ముక్కలో చెప్పాలంటే అంతే. తోమించుకున్నది ఒక పాత వెండి పావలా. తోమినవాడు అమెరికాలో ఇన్నేళ్ళుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నవాడు. ఊళ్ళోవాళ్ళ బగ్గులన్నీ నాకు ముందే దొరుకుతాయి. నా బుర్రలోది మాత్రం ప్రొడక్షన్‌లోకి వెళ్ళి, నష్టం జరిగిపోయాకే బయటపడింది.

నా తరఫున చెప్పుకోవడానికి ఒక్క మాటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో పండగలకి ముందు వెండి సామాను తోమడం నా డిపార్ట్‌మెంటు. అక్కలకి ముగ్గులు, నాన్నకి బజారు పని, నాకు కుంకుమ భరిణె, దీపపు కుందులు, పన్నీరు బుడ్డి. తడిగుడ్డ మీద విభూతి అద్ది గుండ్రంగా రుద్దుతుంటే నలుపంతా గుడ్డకెక్కి, కింద నుంచి తెల్లటి వెండి నవ్వేది. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "వీడి చేతిలో ఏదో ఉందే!" అని మురిసిపోయేది. ఉన్నది విభూతే. కానీ ఆ మెచ్చుకోలు ఒంటికి పట్టింది. నల్లబడిన వెండి ఇంట్లో కనబడితే ఆ ఇల్లాలికి చిన్నతనం అని నేర్చుకుంటూ పెరిగాను. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, వాళ్ళ దేవుడి మూల నల్లబడ్డ దీపం కనబడితే నా వేళ్ళు దురద పెడతాయి.

ఆ పావలా చికాగో శివార్లలోని షామ్‌బర్గ్‌లో మా పెరట్లోనే దొరికింది. మా కాలనీ అంతా ఒకప్పుడు మొక్కజొన్న చేలట. ఒక శరత్కాలంలో మా ఆవిడ పెరట్లో రాలిన ఆకులు పోగుచేస్తూ కాలి మెట్టె పోగొట్టుకుంది.

"కొత్తవి కొనుక్కుంటే పోలా?" అన్నాను.

"అది పెళ్ళిలో నువ్వు కూర్చుని తొడిగింది. మళ్ళీ కూర్చుంటావా, ఆ మోకాళ్ళతో?"

మోకాళ్ళ కంటే యంత్రమే చవక అనిపించి మెటల్ డిటెక్టర్ కొన్నాను. పొడుగాటి కర్ర, చివర పళ్ళెం లాంటి చక్రం, చెవులకి హెడ్‌ఫోన్లు. నేల కింద లోహం ఉంటే కూస్తుంది. నాకు అన్ని కూతలూ ఒకేలా వినిపించేవి. మేకుకి తవ్వాను, కోక్ డబ్బా మూతకి తవ్వాను, ఎవరో పిల్లవాడి బొమ్మకారుకీ తవ్వాను. ఆవిడ హెడ్‌ఫోన్లు లాక్కుంది. వింటే ఆవిడకి తేడా తెలిసేది. మా పెళ్ళి మొదటి నుంచీ అంతే. నేను మాట్లాడేవాణ్ణి, ఆవిడ వినేది.

"ఇక్కడ తవ్వు," అంది మేపుల్ చెట్టు దగ్గర.

"మళ్ళీ కోక్ మూతే."

"తవ్వమన్నానా?"

జానెడు లోతులో నల్లటి బిళ్ళ. మెట్టె కాదు (మెట్టె ఇంతవరకూ దొరకలేదు). ఆవిడ దాన్ని కుళాయి కింద పట్టి మట్టి పోనిచ్చిందంతే, రుద్దలేదు. ఒకవైపు రెక్కలు చాచిన డేగ. రెండోవైపు రాతిమీద కూర్చున్న స్త్రీ, పక్కన డాలు, చేతిలో కర్ర. పంతొమ్మిదో శతాబ్దపు పావు డాలరు, అంటే మన లెక్కలో పావలా. మధ్యలో బొగ్గు నలుపు, అంచుల వెంట పావురం మెడలా నీలం, వంగపండు రంగు, కొద్దిగా రాగి ఛాయ.

వెంటనే తెనాలికి వీడియో కాల్ చేసింది. మా మావగారు బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి. చిల్లర అంటే ఆయనకి గౌరవం.

"దగ్గరగా పెట్టమ్మా. మరీ అంత దగ్గరగా కాదు, నీ గోరు కనిపిస్తోంది. ఆఁ... ఎవరో అమ్మవారు తీరిగ్గా కూర్చుందే! మీ దగ్గర అమ్మవార్లకి కూడా వర్క్ ఫ్రమ్ హోమా?"

నేను వెనకనుంచి తల దూర్చాను. "కాస్త విభూతితో తోమితే తళతళలాడిపోతుంది మావయ్యగారూ."

"వద్దల్లుడుగారూ. ఆవిడ వేసుకున్న మేకప్ జోలికి మనం పోవద్దు."

మర్నాటి నుంచి అదో ఆచారమైపోయింది. రోజూ ఆయన వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ గులాబీ ఒకటి పంపి, దాని వెనకాలే వాయిస్ మెసేజ్ పెట్టేవారు. "అమ్మడూ, అమ్మవారు లేచిందా? కాఫీ ఇచ్చావా?" ఒకరోజు, "మీకు మంచు పడుతోందట, శాలువా కప్పావా?" ఇంకోరోజు, "అల్లుడుగారు విభూతి పొట్లం పట్టుకు తిరుగుతున్నారేమో, చూసుకో!" ఆవిడ లంచ్ బాక్స్ సర్దుకుంటూ స్పీకర్ పెట్టి వినేది, కిటికీ గట్టుమీద చిన్న స్టీలు గిన్నెలో ఉన్న పావలాకి ఫొటో తీసి పంపేది. ఒక నాణెం గురించి తండ్రీకూతుళ్ళకి రోజూ ఏముంటుందా అని నవ్వుకునేవాణ్ణి. నాణెం గురించి కాదని నాకు తట్టలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఆయన నిద్రలోనే పోయారు. ఆవిడ ఇండియా వెళ్ళి, పన్నెండు రోజులూ అయ్యాక తిరిగొచ్చింది. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ధైర్యం గల మనిషి అని నలుగురికీ చెప్పాను.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం ఫోన్ నా చేతికిచ్చింది. "స్టోరేజ్ ఫుల్ అని చంపుతోంది, కాస్త చూడవా?"

చూశాను. గులాబీలు, తామరలు, సూర్యోదయాలు, కాఫీ కప్పులో హృదయాలు. కొన్ని వేల శుభోదయాలతో ఫోన్‌లో తెల్లారడానికి చోటు లేదు. నా ఉద్యోగ ధర్మం మేలుకుంది. ఆ చాట్‌లోది మొత్తం సెలెక్ట్ చేశాను, డిలీట్ చేశాను. పాత బ్యాకప్‌లో కూడా ఈ చెత్తే ఉంటుంది కదా అని, దాని మీద శుభ్రంగా కొత్త బ్యాకప్ కూడా తీశాను. సగం మంది ఆ చివరి పని మరిచిపోతారు. నేను మరిచిపోలేదు.

"ఇంత చెత్త ఎలా మోస్తున్నావ్ ఇన్నాళ్ళూ?" అని గర్వంగా అందించాను.

ఆవిడ చూసుకుంది. పైకీ కిందకీ జరిపింది.

"వాయిస్‌లు?"

"ఏ వాయిస్‌లు?"

అప్పుడు తెలిసింది. రోజూ రైలు స్టేషన్ పార్కింగ్‌లో కారాపుకుని, రైలెక్కే ముందు పాతవి ఒక్కొక్కటీ వింటోందట. తొందరగా అయిపోకూడదని రోజుకొకటే. ఆవిడ ధైర్యమంతా ఆ ఫోన్‌లో ఉండేది. నేను అందులో చోటు ఖాళీ చేశాను.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే, కడిగిపారేసి ఉంటే, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి, ఇద్దరం ఎక్కడో ఒకచోట ఆగేవాళ్ళం. తనకి తెలిసిన ఒక డేటా రికవరీ కంపెనీకి ఫోన్ పంపించింది. వాళ్ళు సారీ చెప్పి తిప్పి పంపారు. తెనాలిలో మావగారి ఫోన్ అప్పటికే అంతా చెరిపేసి ఎవరికో ఇచ్చేశారట. శీతాకాలం మొదట్లో కాలిఫోర్నియాలోని డబ్లిన్ ఊళ్ళో ఒక ప్రాజెక్టు ఒప్పుకుంది.

"ఆర్నెల్లే," అంది సూట్‌కేస్ జిప్పు లాగుతూ.

ఆర్నెల్లు అయ్యాయి. ప్రాజెక్టు పొడిగించారంది. అపార్ట్‌మెంట్ లీజు కూడా పొడిగించిందని ఆవిడ స్నేహితురాలి ద్వారా తెలిసింది. మా ఫోన్లు మాత్రం కుదించుకుపోయాయి. తిన్నావా, తిన్నాను, కరెంటు బిల్లు కట్టావా, ఆటో పే. మరుసటి చలికాలం చివర్లో ఒక సాయంత్రం, ఫోన్ పెట్టేసే ముందు ఆవిడే అంది.

"మే నెలలో ఒక గ్రాడ్యుయేషన్ పార్టీకి చికాగో వస్తున్నా. ఇంటికొచ్చి ఆ పావలా తీసుకెళ్తాను. అదొక్కటే నాక్కావాలి."

"అదొక్కటే" అన్న మాట నేను వినలేదు. "ఇంటికొచ్చి" అన్నది మాత్రమే విన్నాను. మనిషికి ఏది కావాలో చెవులు అదే ఏరుకుంటాయి.

ఆ క్షణం నుంచి నా ఊహలో ఒకటే దృశ్యం. ఆవిడ వస్తుంది. అరచేతిలో పావలా పెడతాను. వెన్నెల ముక్కలా మెరుస్తుంటుంది. మనకోసం ఇంత జాగ్రత్త తీసుకున్నాడు అనుకుంటుంది. సూట్‌కేస్ కారులోంచి దింపుకుంటుంది. నమ్మండి, సూట్‌కేస్ ఏ గదిలో పెట్టాలో కూడా నిర్ణయించేశాను.

మావగారి మాట గుర్తులేక కాదు. పెద్దాయన సరదాకి అన్నారనుకున్నాను. శనివారం పొద్దున్నే స్నానం చేసి, చింతపండు నానబెట్టి, దేవుడి గూట్లోంచి విభూతి పొట్లం తీశాను. ముందు చింతపండు రసం, తర్వాత విభూతి, మెత్తటి పాత పంచె ముక్క, డాలు గీతల మధ్య ఇరుక్కున్న నలుపుకి టూత్‌బ్రష్. గుడ్డకి నలుపు ఎక్కింది. దాని వెనకే నీలం, వంగపండు, రాగి అన్నీ ఎక్కాయి. చిన్నప్పుడు ఎంత ఆనందపడేవాణ్ణో అంత ఆనందపడ్డాను. మెరుపు తెద్దామనుకున్నాను. మరుపు తెచ్చానని ఇప్పుడు తెలుస్తోంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంత అందమైనదానికి ఒక సర్టిఫికెట్ కూడా ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. అలాంటి కంపెనీలున్నాయి. నిపుణులు భూతద్దం పెట్టి చూసి, డెబ్బై మార్కులకి గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పైన చీటీ అంటించి పంపుతారు. ఎలా పంపాలో కనుక్కుందామని ముందు మా దగ్గర్లో పాత నాణేలు అమ్మే షాపుకి వెళ్ళాను. పళ్ళ డాక్టరుకీ పిజ్జా కొట్టుకీ మధ్యన ఉంటుంది. యజమాని భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. పావలాని వెలుతురులో ఒక్కసారి వంచి చూసి, చేతిలో ఉన్న కాఫీ కప్పుని పక్కన పెట్టేశాడు.

"ఎవరు చేశారీ పని?" అన్నాడు.

"నేనే."

"దేంతో?"

"బూడిదతో."

"బూడిదా? సిగరెట్ బూడిదా?"

"ఛ ఛ, పవిత్రమైన బూడిద. ఆవు పేడని కాల్చి చేస్తారు."

ఆయన నా ముఖం చూశాడు. షాపులో నాణేలు చూస్తున్న ఇంకో ఇద్దరు కూడా చూశారు. "జనం వెనిగర్‌తో తోమారు, కెచప్‌తో తోమారు. పేడతో ఇదే మొదటిసారి," అని ఇవాళ్టికి సరిపడా వినోదం దొరికినవాడిలా నవ్వాడు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చాడు. అమ్మవారి ముఖం మీద, ఒళ్ళో, చుట్టూ ఖాళీ జాగాలో, వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు. గుండ్రంగా, శ్రద్ధగా. ఆ గుండ్రం నాకు తెలుసు. అది నా చెయ్యి.

"నువ్వు మురికి అనుకున్నావ్," అన్నాడాయన. "అది దాని చర్మం. నూట యాభై ఏళ్ళు కూర్చుని వేసుకుంది."

"మళ్ళీ వస్తుందా?"

"ఏదో ఒక నలుపు వస్తుంది. అది మాత్రం రాదు."

ఆయన మాట తప్పని రుజువు చెయ్యాలన్న పౌరుషంతో గ్రేడింగ్‌కి పంపాను. సెకండ్ ఒపీనియన్ అన్నమాట. కొన్ని వారాలకి తిరిగొచ్చింది. డెబ్బైకి ఎంత వచ్చిందో చూద్దామని చీటీ వైపు చూశాను. తెలుగు తండ్రులు ప్రోగ్రెస్ కార్డు చూసే చూపు. అంకె లేదు. అంకె వెయ్యాల్సిన చోట ఒకే మాట: క్లీన్డ్. ఫెయిలు కూడా కాదది, మార్కులు వెయ్యడానికే ఒప్పుకోకపోవడం. నాణెం అలాగే ఉంది, నాణ్యం పోయింది. గ్రేడు కోసం పంపితే గోడు తిరిగొచ్చింది.

దాచేద్దామా అనుకున్నాను. ఇంకోటి కొని పెడదామా అని కూడా ఒక రాత్రి వెతికాను. కానీ ఆవిడ దగ్గర దాచడం నాకెప్పుడూ చేతకాలేదు. అది నా గుణం అనుకోకండి, చేతకాకపోవడమే. ప్లాస్టిక్ పెట్టెని డైనింగ్ టేబుల్ మీద పెట్టి కూర్చున్నాను.

ఆవిడ మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చింది. ఊబర్ బయటే ఆగి ఉంది. సూట్‌కేస్ లేదు. చెప్పులు విప్పి, అలవాటుగా నేరుగా వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద గిన్నె ఖాళీ.

"ఏదీ?"

"టేబుల్ మీద ఉంది."

పెట్టె తీసి చూసి మళ్ళీ కింద పెట్టింది. "ఇది కాదు. మనది."

"మనదే."

"ఇది తెల్లగా ఉంది."

ఆవిడ చీటీ చదివింది. పైకే చదివింది. మళ్ళీ పావలా వైపు చూసింది. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి ప్రయత్నించినట్టు.

"నువ్వేనా?"

"విభూతితో."

ఆవిడకి నవ్వొచ్చింది. నిజంగానే, ఒక్క క్షణం. ఆ నవ్వు చూసి నాకు ఆశ కలిగింది. దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నాన్న వద్దన్నారు కదా."

"అన్నారు."

"నీతోనే అన్నారు."

"నాతోనే."

"మరెందుకూ?"

"బాగుంటుందని."

"ఫోన్ కూడా బాగుంటుందనే చేశావ్," అంది. దెప్పినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. "నీకు ఏదీ ఉన్నది ఉన్నట్టు ఉండకూడదా? నలుపైతే నీకేం? నాకు నలుపే ఇష్టమని తెలుసు కదా."

"నువ్వొస్తున్నావని తోమాను."

ఆవిడ కుర్చీ అంచు పట్టుకుంది.

"చుట్టాలొస్తే కదూ వెండి తోముతారు," అంది మెల్లగా. "అయితే నేను చుట్టాన్నయ్యానన్నమాట."

టీ పెడతానన్నాను. వద్దంది. పెట్టెని నావైపు జరిపింది. "ఇది నువ్వే ఉంచుకో. నేను తీసుకెళ్దామనుకున్నది ఇది కాదు."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉంటే అడిగాను, "కోపంగా ఉందా?"

"లేదు. నిజంగా లేదు. ఉంటే బాగుండు." కారు వైపు నడుస్తూ ఒకసారి మేపుల్ చెట్టు వైపు చూసింది. అంతే. డబ్లిన్‌లో ఆవిడ ఇల్లు కొనుక్కుంటోందని ఆ తర్వాత ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. నా పేరు కూడా కలుపుతావా అని అడగలేదు నేను. కంగ్రాచులేషన్స్ అన్నాను.

ఇక ఆ పెట్టె మిగిలింది. పొద్దున లేస్తే అమ్మవారు ప్లాస్టిక్‌లో, నెత్తిన నేరం చీటీతో. కంపెనీవాళ్ళు దానితోపాటు ఒక సలహాల కాగితం కూడా పంపారు. చల్లటి పొడి గదిలో ఉంచవలెను. పెట్టె తెరవరాదు. తెరిచినచో వేలితో ముఖభాగం తాకరాదు (చేతి చెమటకు, జిడ్డుకు వెండి నల్లబడును), అంచులు మాత్రమే పట్టుకొనవలెను, నూలు చేతితొడుగులు ధరించవలెను. చర్మం తీసేశాక ఇన్ని మర్యాదలా అనిపించింది. ఒకటికి రెండుసార్లు చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. నా మీద మండింది, ఆ షాపువాడి నవ్వు మీద మండింది, "ఉంటే బాగుండు" అన్న మాట మీద కూడా మండింది. వీటన్నిటి మధ్యా నేను ఏమైనా చెయ్యగలిగింది ఆ పెట్టెనే.

గరాజ్‌లో పెట్టెని బల్లకున్న వైసులో బిగించి సుత్తితో కొట్టాను. మూడో దెబ్బకి పగిలింది. చీటీని రీసైక్లింగ్‌లో వేశాను. పావలాని తొడుగుల్లేకుండా, తాళాలున్న జేబులోనే వేసుకుని, కూరగాయలకి బయలుదేరాను.

నేను వెళ్ళే సరుకుల దుకాణంలో సామాను వేసుకుని తోసుకెళ్ళే బండ్లన్నీ ఒకదానికొకటి గొలుసుతో కట్టేసి ఉంటాయి. పావు డాలరు బిళ్ళని బండి పిడికి ఉన్న కంతలో గుచ్చితే గొలుసు ఊడుతుంది. బండి తెచ్చి మళ్ళీ గొలుసు తగిలిస్తే బిళ్ళ బయటికొస్తుంది. అప్పటి పావలాకీ ఇప్పటి పావలాకీ సైజు ఒకటే. అమ్మవారిని ముఖం పైకి ఉండేలా పట్టుకుని గుచ్చాను. టక్కుమని గొలుసు ఊడింది. వంకాయలు, కొత్తిమీర, పెరుగు డబ్బా, ఒక్కడికి సరిపడా సామాను వేసుకుని తిరిగాను. నూట యాభై ఏళ్ళ అమ్మవారు నా ముందు కూర్చుని దుకాణమంతా చూసింది.

అప్పటి నుంచి ప్రతి శనివారం అంతే. ఒకసారి బండి తిరిగి పెడుతుంటే ఎమ్మెస్ చదువుతున్న అమ్మాయిలు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. చూడగానే తెలుగువాణ్ణని కనిపెట్టేస్తారు, ఎలాగో.

"అంకుల్, ఆ కార్ట్ మాకివ్వరా? ఇదిగోండి క్వార్టర్."

"లేదమ్మా, నాది నాకు కావాలి."

"క్వార్టర్ క్వార్టరే కదా అంకుల్!"

"కాదమ్మా."

గొలుసు తగిలించి నా బిళ్ళ నేను తీసుకుంటుంటే వెనక రెండో అమ్మాయి గొంతు తగ్గించకుండానే అంది, "వామ్మో, పావలా దగ్గర ఇంత పిసినారితనమా! మా బాబాయే నయం."

నేను తిరిగి చూడలేదు. ఎండగా ఉంది, చేతులు చెమట పట్టి ఉన్నాయి, బయట కొన్న సమోసా నూనె కూడా వేళ్ళకి ఇంకా ఉంది. అంచులు మాత్రమే పట్టుకోమన్నవాళ్ళందరినీ తలుచుకుని, బొటనవేలు అమ్మవారి ముఖం మీద పెట్టి గట్టిగా నొక్కాను.